లోపల ఎవరున్నారు?

కోర్టు ఎదురు సందులో పూటకూళ్ళ ఇల్లు నడుపుకునే ఆదిశేషమ్మ, ఆ కోర్టు వరండాలోనే జరిగిన వేలంలో ఒక పెంకుటిల్లు పాడుకుంది. ఇల్లు తోటపల్లి గూడూరు అవతల, సముద్రం ఒడ్డు పల్లెలో ఉంది. ముందు వెళ్ళి చూసి వస్తానని ఆమె అనకపోలేదు. వేలాలు జరిపించే అమీను హజరత్తయ్య, తాను స్వయంగా చూసి రాసుకొచ్చాననీ, ఇల్లు ఖాళీగా ఉందనీ, ఆలస్యం చేస్తే ఇంకొకరు తన్నుకుపోతారనీ చెప్పాడు. రోజూ తన చేతి అన్నం తినే మనిషి కదా అని నమ్మింది. భర్త పోయినప్పటి నుంచీ అద్దె కొంపల్లో పొయ్యి ఊదిన ప్రాణం. ఉన్న బంగారమంతా అమ్మి సొమ్ము కట్టేసింది.

వేలం ఖాయమయ్యాక, ఇల్లు అప్పగించడానికి అమీను ఇద్దరు బంట్రోతులను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆమె పాలు పొంగించుకోవడానికి కొత్త గిన్నె తీసుకువెళ్ళింది. తీరా చూస్తే వాకిట్లో చేపలు ఎండుతున్నాయి. అరుగు మీద పేరమ్మ అనే ఆమె చిరిగిన వల అల్లుకుంటోంది. ఆ ఇల్లు పేరమ్మ భర్తా, మరిది ముత్యాలయ్యా కలిసి కట్టుకున్నది. నైలాను వలలు కొత్తగా వస్తున్న రోజులవి. అన్న చనిపోయాక ముత్యాలయ్య ఇల్లంతా తనదేనని తాకట్టు పెట్టి ఆ వలలు కొన్నాడు. అప్పు తీర్చలేక మద్రాసు పారిపోతే, అప్పిచ్చినవాడు దావా వేసి ఇల్లు వేలానికి పెట్టించాడు.

సామాన్లు బయట పెట్టమన్నాడు అమీను. బంట్రోతు కుండ తెచ్చి ఇసుకలో పడేస్తే గంజి ఒలికిపోయింది.

"చలికాలంలో వచ్చినావు గదయ్యా," అంది పేరమ్మ. "ఈ అరుగు మీదనే కూర్చోని మంచినీళ్ళు తాగినావు. నేనీడ కాపరం ఉండానని చెప్తే తలూపినావు. ఖాళీ అని ఎట్ట రాసినావు?"

ఆదిశేషమ్మ అమీను వైపు తిరిగింది. ఆయన తడుముకోలేదు. కోర్టు అమ్మింది ముత్యాలయ్య హక్కునేననీ, అదెంతో తేల్చుకోవడం కొన్నవాళ్ళ పనేననీ అన్నాడు.

"మనుషులుండారని రాస్తే పాట లేవదమ్మా," అన్నాడు చివరికి.

ఆదిశేషమ్మకు ఒళ్ళు మండిపోయింది. కొంగు బిగించి, బంట్రోతు చేతిలోని బిందె లాక్కుంది.

"తీసినవన్నీ మళ్ళీ లోపల పెట్టండి. ఇల్లు నాదంటుండారు గదా, నా ఇంట్లో నుంచి ఎవురినీ గెంటమని నేను చెప్పలా."

తర్వాత ఆమె కోర్టుకెక్కింది. చూసుకోకుండా పాడిన తప్పు నీదేనన్నారు. కట్టిన సొమ్ము తిరిగి రాలేదు. ముత్యాలయ్య సగం వాటా కావాలంటే మళ్ళీ దావా వేసుకోవాలి. పేరమ్మ కూడా ఆమెను దగ్గరికి రానివ్వలేదు. నువ్వు పాడబట్టే గదా వీళ్ళు నా గడప తొక్కినారని ముఖం మీదే అంది. హజరత్తయ్యకు మాత్రం చీమ కుట్టినట్టయినా కాలేదు.

ఆదిశేషమ్మ ఆయనకు అన్నం పెట్టడం మానేసింది. వేలం ఉన్న రోజుల్లో పొయ్యి ఆర్పి, వరండా మెట్ల మీద కూర్చునేది. పాటకు వచ్చిన ప్రతి మనిషినీ, లోపల ఎవరున్నారో చూసొచ్చారా అని అడిగేది. బంట్రోతులు లేచి పొమ్మంటే, ఈ మెట్లు కూడా ఎవరికైనా అమ్మేశారా అనేది. ఒకసారి కొడవలూరు రైతు ఒకాయన ఆ మాట విని, పాటకు నిలబడకుండా ఇల్లు చూసి రావడానికి బస్సెక్కాడు. ఆయన వెనకే మరో ఇద్దరు కదిలారు. పాడేవాళ్ళు లేక ఆ రోజు వేలం వాయిదా పడింది. హజరత్తయ్య ఆమెను కొరకొరా చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.