ఆడోళ్ల బంతికి సీమకోడి రెక్కలు

పెళ్లిళ్లకు వండే ప్రొద్దుటూరు నూర్ అహ్మద్ దేగిసా మూత తీస్తే దువ్వూరు దాకా వాసన కొడుతుందని జనం చెప్పుకునేవాళ్లు. ఆ దేగిసాలోకి పోయే మసాలా నూరేది అతని చెల్లెలు జైబున్నీసా అని మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. మొగుడు పోయిన తర్వాత ఆమె చాలా ఏళ్లు జమ్మలమడుగులో ఒక మిషన్ డాక్టరమ్మ ఇంట వంట చేసింది. ఆ దొరసాని తన దేశం వెళ్లిపోయాక అన్న పంచన చేరింది. అన్న కాదనలేదు. రోలు చూపించాడు. పెళ్లిళ్లకు వెంట తీసుకుపోయి అల్లం వెల్లుల్లి నూరించేవాడు, గరిటె మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.

"ఆడదాని చెయ్యి పడితే పెండ్లి కూటికి బరకత్ ఉండదు, ఎంత వండినా చాలదు" అనేవాడు.

"ఇంట్లో రోజూ తినేది ఎవురి చేతి కూడు?" అని ఆమె ఒకసారి అడిగింది. నూర్ అహ్మద్ ఆ పూట కంచం తోసేసి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు మామూలుగానే తిన్నాడు.

కర్నూల్లో రాజధానికి గుడారాలు వేసిన మరుసటేడు పులివెందులలో ఒక శనక్కాయల వ్యాపారి కూతురి పెళ్లికి అన్నాచెల్లెళ్లు వెళ్లారు. పొట్టేళ్లు అందరూ కోస్తారని, నలుగురూ నాలుగేళ్లు చెప్పుకోవాలని ఆ వ్యాపారి జమ్మలమడుగు నుంచి బండి నిండా సీమకోళ్లు తెప్పించాడు. మెడ కింద ఎర్రటి తిత్తి వేలాడేసుకుని, తోక విసనకర్రలా విప్పి తిరిగే ఆ కోళ్లను చూడడానికి వీధి వీధంతా కదిలొచ్చింది. నూర్ అహ్మద్ అంతకుముందు వాటిని వండి ఎరగడు. అయినా చెయ్యి తిరిగినవాడు కాబట్టి రొమ్ములూ తొడలూ కోయించి పెరుగులో నానబెట్టి పులావుకు సిద్ధం చేశాడు. రెక్కలన్నీ ఒక గంపలో పడేయించాడు.

"ఇవి యాడ పెట్టమంటావు అన్నా?" అంది జైబున్నీసా.

"కుక్కలకెయ్యి. నార తప్ప ఏముంది వాటిల్లో."

ఆమె గంప వైపు చూస్తూ నిలబడింది. ప్రతి క్రిస్మస్‌కూ దొరసాని ఇంట్లో ఆ రెక్కలను తనే వండేది. దొరసాని పొద్దున్నే పాలల్లో వేసుకు తినే మొక్కజొన్న అటుకులు మద్రాసు నుంచి డబ్బాల్లో వచ్చేవి. ఉడికించిన రెక్కలకు ఆ అటుకుల పొడి పట్టించి వేయించితే పైన కరకర, లోపల వెన్న.

పెరట్లో ఉల్లిగడ్డలు ఒలుస్తున్న ఆడవాళ్లలో పెళ్లికూతురి మేనత్త మాబున్ని ఉంది. ముసలామె. ఈ పెళ్లికి సీమకోడంటగా, ఎలా ఉంటుందో అని ఎవరో కోడలు అంటే ఆమె నవ్వింది.

"మనదాంకా వస్తే గదా మే. మొగోళ్ల బంతులన్నీ లేసినాంక మనకు పొద్దు గూకుతాది. మిగిలేది బొక్కలే. నా పెండ్లినాడు గూడా నేను అడుగంటిందే తిన్యా."

ఆ మాటకు అందరూ నవ్వారు. జైబున్నీసాకు నవ్వు రాలేదు. తిరిగి అన్న దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఆ రెక్కలు నేను వండుతా. ఆడోళ్లకు."

"పందిట్లో రెండు పొయ్యిలా? నన్ను చూసి నవ్వరా?"

"పందిట్లో వద్దులే. పెరట్లో పెట్టుకుంటా."

అతను గరిటె కింద పెట్టాడు. "జైబూ, పెరట్లో పొయ్యి రాజేసినావంటే మళ్లా నా గడప తొక్కబాకు. చెప్తాండా."

అన్న మాటంటే తప్పేవాడు కాదు. ఇంకో ఇల్లు లేదు, బిడ్డలు లేరు. గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

పెరట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. రెక్కలను కణుపుల దగ్గర నరికి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, మిరప్పొడి వేసి ఉడకేసింది. సీమకోడి రెక్క తొందరపెడితే లొంగదు. అది మెత్తబడేలోగా పైపూతకు ఏదో ఒకటి కావాలి. పులివెందులలో దొరల అటుకుల డబ్బా ఎక్కడ దొరుకుతుంది? పెరటిగోడ అవతల బియ్యాన్ని బొరుగులుగా వేయించే శివమ్మ ఇల్లు. ఇసుకలో బొరుగులు చిటపటలాడుతున్న చప్పుడు వినిపిస్తూంది. జైబున్నీసా గోడ దగ్గరికి వెళ్లి బొరుగులడిగింది.

"కోడికి బొరుగులేంది మే?" అంది శివమ్మ. "పొద్దున్నే ఉగ్గాని చేసుకునేటివి గదా అవి."

"ఉగ్గాని అనే అనుకోక్కా. కోడి మీద చేస్తాండా."

శివమ్మ వింత చూద్దామని చేటెడు బొరుగులతో పాటు తనూ గోడ దిగి వచ్చింది. ఇద్దరూ కలిసి బొరుగులను పెనం మీద మళ్లీ కరకరలాడేలా వేడి చేశారు. పుట్నాల పప్పు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి చేర్చి రోట్లో బరకగా దంచారు. ఉడికి ఆరిన రెక్కలను గుడ్డుసొనలో ముంచి, ఆ పొడిలో దొర్లించి, శనక్కాయ నూనెలో వేశారు. బొరుగుల పొడి ఎర్రబడుతుంటే వచ్చిన వాసన పందిరి దాకా పాకింది.

పందిట్లో మగవాళ్ల మొదటి బంతికి అప్పుడే చాపలు పరుస్తున్నారు. పెళ్లికొడుకు తండ్రి ముక్కు ఎగబీల్చి అదేందని అడిగాడు. అడగడమే ఆలస్యం, వ్యాపారి స్వయంగా పెరట్లోకి వచ్చాడు.

"ఒక పళ్లెం నిండా పంపించు. వియ్యంకుడు అడుగుతాండాడు."

"ఆడోళ్లు తిన్యాక మిగిల్తే పంపిస్తానప్పా" అంది జైబున్నీసా గరిటె ఆపకుండా.

"ఏందీ?"

"ఇవి కుక్కలకెయ్యమని ఇచ్చినారు. నేను ఆడోళ్లకని అడిగి తీసుకున్యా. వాళ్లే ముందు తింటారు."

వ్యాపారి ముఖం జేవురించింది. వెనక నూర్ అహ్మద్ వచ్చి నిలబడ్డాడు. వ్యాపారి భార్య ఖమ్రున్నీసా వంక ఆడవాళ్లందరూ చూశారు. మొగుడి ముందు కూర్చుని ఎరగని మనిషి ఆమె. కొంగు సర్దుకుంది, చాప ఒకటి తీసి పొయ్యి ముందర పరిచింది. ముసలి మాబున్నిని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది.

"పెండ్లి నా బిడ్డది గూడా" అంది మొగుడి ముఖం చూడకుండా. "పెట్టు జైబూ."

జైబున్నీసా వడ్డించింది. మాబున్నికి పళ్లు లేవు. పైపొర చిదిపి నోట్లో వేసుకుని, లోపలి మెత్తటి మాంసం వేళ్లతో ఊడదీసుకుని తింది. వేడికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆగలేదు. తర్వాత ఒక్కరొక్కరే వచ్చి కూర్చున్నారు. పెళ్లికూతురిని కూడా పిలుచుకొచ్చారు. వ్యాపారి ఇంతమంది ఆడవాళ్లను లేపడం చేతగాక వెళ్లిపోయాడు. వియ్యంకుడి పళ్లేనికి ఒక్క ముక్క మిగల్లేదు.

నూర్ అహ్మద్ పులావు కూడా ఆ రోజు బ్రహ్మాండంగా కుదిరింది. అతను సామానంతా బండికెత్తించి, చెల్లెలి వైపు చూడకుండా ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. జైబున్నీసా శివమ్మ వసారాలో తలదాచుకుంది. వారం తర్వాత బట్టల కోసం ప్రొద్దుటూరు పోతే, పెట్టె గడప బయట పెట్టి ఉంది. దాన్ని ఎత్తుకుని, తను వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చింది. దారంతా ఏడ్చింది. అయినా ఆ గంప ఎత్తి ఉండకూడదని ఒక్కసారీ అనిపించలేదు.

సీమకోళ్లు రోజూ దొరకవు కాబట్టి నాటుకోడి ముక్కలకే బొరుగుల పూత పెట్టి శివమ్మ ఇంటి ముందు అమ్మడం మొదలుపెట్టింది. మెల్లగా ఖమ్రున్నీసా చుట్టాల్లోనే ఒకళ్లిద్దరు పెళ్లి వంటకు పిలిచారు. ఆడవాళ్ల బంతి ముందు లేస్తేనే వస్తానని చెప్పేది. ఆ మాట విని వెనక్కి పోయినవాళ్లే ఎక్కువ.

రాజుపాలెంలో ఒక ఇంటివాళ్లు సరేనని పిలిచి, తీరా వంటయ్యాక మగవాళ్లకు చాపలు పరిచారు. జైబున్నీసా దేగిసా మూత వేసి, దాని మీద గరిటె అడ్డం పెట్టి, పక్కనే బాసింపట్టు వేసుకు కూర్చుంది. ఇంటి పెద్ద బతిమాలాడు, తర్వాత గద్దించాడు.

"నేను ముసిల్దాన్ని గాదప్పా" అంది ఆమె. "పొద్దు గూకే దాంకా కూకోగల్ను."

చివరకు చాపలు చుట్టి లోపలికి, ఆడవాళ్ల వైపు తీసుకుపోయారు. అప్పుడు లేచి మూత తీసింది.