నైరుతి చక్రం

ఇంటికి వాస్తు చూసేవాళ్ళున్నారు, కొట్టుకు చూసేవాళ్ళున్నారు, ఆఖరికి కోళ్ళఫారానికి చూసేవాళ్ళు కూడా మా మెట్‌పల్లి వైపు ఉన్నారు. కారు చక్రాలకు వాస్తు చూసినవాడు మాత్రం లోకంలో ఒక్కడే ఉంటాడు. ఏరికోరి అతన్ని చేసుకున్నది నేనే కాబట్టి కోప్పడే హక్కు నాకు లేదు. అయినా కోప్పడతాను.

మా ఆయన లక్ష్మణ్ అరబ్బు దేశంలోని అల్ ఖోబర్‌లో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. పంపులు, వాల్వుల దగ్గర ఆయన మాటకు తిరుగులేదంటారు. ఇంటికొచ్చి బూట్లు విప్పాడంటే చదువు కూడా వాటితోపాటే గుమ్మం బయట విడిచేస్తాడు. మా వాటాలో ఈశాన్యం మూల బాత్రూమ్ ఉంది. అద్దె ఇంటి గోడలు పగలగొట్టనివ్వరు కదా, ఏళ్ళ తరబడి లోలోపల కుమిలిపోయాడు. ఆ బాధంతా తెచ్చి ఒక పాత కారు మీద తీర్చుకున్నాడు.

ఆ కారు మా వీధి చివరి పెద్దాయన అబూ నాయెఫ్‌ది. మీగడ రంగు, గేటు దాటడానికే బోలెడు సేపు పట్టే పొడుగు, దాదాపు నా వయసు. చూపు తగ్గి నడపలేక ఆయన దాన్ని మాకు అమ్మేశాడు. చక్రాలు తుప్పుపట్టి ఉన్నాయి. అసలు సైజువి ఎక్కడా దొరక్క లక్ష్మణ్ తష్లీహ్‌కు, అంటే పాత బళ్ళు విప్పి అమ్మే చోటికి పోయి, వెతికి వెతికి నాలుగు చక్రాలు తెచ్చాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు మధ్యరకం.

టైర్ల కొట్టును ఇక్కడ బన్షర్ అంటారు. మా పక్క వాటాలో ఉండే ఖయ్యూమ్‌కు బన్షర్ ఉంది. కర్నూలు మనిషి. అతని భార్య ఇష్రత్ నాకు సొంత చెల్లెలి కంటే ఎక్కువ. జాకీ పట్టుకుని మా ముంగిట్లోకి వచ్చిన ఖయ్యూమ్, ఆ చక్రాలను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, ఇవన్నీ ఒక్క బండికేనా?"

"ఎట్లన్న బిగించు, తమ్మీ."

"బిగించేదానికేముందన్నా, బిగిస్తా. బండి పోయేదే కష్టం. రియాద్‌లో, మలాజ్ కాడ మావోడు ఉండాడు. నాలుగూ ఒక్క సైజువి పంపిస్తాడు. అంతవరకూ ఓర్చుకో."

ఓర్చుకోవడం మా ఆయన జాతకంలో లేదు. చక్రాల వైపు చూశాడు, కారు వైపు చూశాడు. కారు ముఖం తూర్పుకు, సముద్రం వైపు ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"తమ్మీ, ఇది దేవుడిచ్చిన మోక. నైరుతి ఎత్తుండాలె, ఈశాన్యం పల్లముండాలె. పెద్దది వెనక కుడి దిక్కు పెట్టు, అది నైరుతి. చిన్నది ముందట ఎడమ దిక్కు పెట్టు, అది ఈశాన్యం. ఇగ చూడు బండి ఎట్ల పోతదో."

ఖయ్యూమ్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అతను చెప్పినట్టే బిగించి పోయాడు. కారు ఒక మూల లేచి, ఎదురు మూల కుంగి, ఎవరి మాటో చాటుగా వింటున్నట్టు నిలబడింది. డ్రైవరు సీటు సరిగ్గా ఈశాన్యంలో పడింది. అందులో కూర్చుంటే పూజ గదిలో కూర్చున్నట్టే లెక్క.

ఇక నా సంగతి. నాకు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. ఆడవాళ్ళ డ్రైవింగ్ స్కూల్లో మొదటిసారే పాసయ్యాను. ఆ లైసెన్సు నా హ్యాండ్‌బ్యాగులో పిన్నీసుల మధ్య పడి ఉంది. ఎప్పుడు నడపనిస్తావని అడిగినా మా ఆయన "వచ్చే వారం" అంటాడు. ఆ వచ్చే వారం మా ఇంటి ఛాయలకు కూడా రాలేదు. ఈ పాత కారును చూసిన రోజే నాకు మనసైపోయింది. ఇది నేను నడపాలి, అంతే. పస్తులుంటానని కూడా బెదిరించాను. పస్తులుంటే వంట ఎవరు చేస్తారన్న భయం కొద్దీ ఆయన దిగొచ్చాడు.

"శుక్రవారం సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద పాత కార్ల మేళా ఉన్నది. ఆలోపట సీదా నడుపుడు నేర్చుకో. నేర్చుకుంటే ఆ రోజు నువ్వే నడుపు. తాళంచెవి నీదే, మళ్ళ అడగ."

"మాట తప్పద్దు మరి."

"నేనెప్పుడన్న తప్పిన్నా?"

సముద్రం దగ్గరికి పోయినప్పుడల్లా ఐస్‌క్రీమ్ కొనిస్తానన్నాడు, అదైనా జరిగిందా అనబోయి ఊరుకున్నాను.

మా బిల్డింగు వెనక ఖాళీ జాగా ఉంది. ఆయన పక్కన కూర్చుని నేర్పించాడు. నేర్పించడమంటే "సీదా, సీదా" అనడమే. స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయి ఉంది. ఎంత తిన్నగా పట్టినా కారు ఎడమకే పోతుంది. ఎడమన ఏదో చుట్టపుచూపు పని ఉన్నట్టు పోతుంది.

"బండే గుంజుతున్నదయ్యా. చక్రాలు చూడరాదు."

"వాస్తు ప్రకారం బిగించిన బండి గుంజది. నీ చెయ్యే వంకర."

ఆ రోజు వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఉల్లిపాయలు కూడా తరగలేదు, ఉత్తినే ఏడ్చాను. మేళాలో నడిపే అవకాశం పోతుందని కాదు, చెయ్యి వంకరన్నందుకు. నా ముగ్గు చూసినవాళ్ళెవరూ నా చెయ్యి వంకరని ఈ జన్మలో అనలేదు.

మర్నాటి నుంచి ఆయన ఆఫీసుకు పోగానే ఇష్రత్‌ను ఎక్కించుకుని నేనే మొదలుపెట్టాను. ఇష్రత్ వెనక కుడివైపు కూర్చునేది, నైరుతి కదా, అటకెక్కినట్టు ఎత్తుగా ఉండేది.

"అక్కా, ఇక్కణ్ణించి నాకు బహ్రెయిన్ కనపడతావుంది" అని కేకలు పెట్టేది.

నేను నవ్వి నవ్వి బ్రేకు మీద కాలు పెట్టలేకపోయేదాన్ని. కానీ ఆ నవ్వుల్లోనే కిటుకు దొరికింది. కారు ఎడమకు గుంజుతుంటే, మొండిపిల్లను బడికి లాక్కుపోయినట్టు, నేను కుడికి గుంజుతూనే ఉండాలి. ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఎంత గుంజాలో భుజానికి తెలిసిపోయింది. గురువారానికల్లా కారు గీత గీసినట్టు పోయింది. ఇష్రత్ చప్పట్లు కొట్టింది. నాకైతే ఆ ఖాళీ జాగాలోనే దిగి గంతులేయాలనిపించింది. వేశాను కూడా.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖయ్యూమ్, ఇష్రత్ వచ్చి వెనక కూర్చున్నారు. నేను నెమలికంఠం రంగు చీర కట్టుకుని, లైసెన్సు తీసి చీరకొంగుతో తుడిచి, డ్రైవరు సీటు దగ్గరికి పోయాను. అందులో మా ఆయన కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా, నల్ల కళ్ళద్దాలు.

"మా ఆఫీసోళ్ళంత వస్తున్నరు భాగ్యా. జనం ఎక్కువుంటరు. ఇయ్యాలటికి నేను నడుపుత. వచ్చే యేడు నువ్వు."

వచ్చే వారం పోయి వచ్చే యేడు వచ్చిందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు ధడాలున వేసి పక్క సీట్లో కూర్చున్నాను. ఈశాన్యం పల్లం కాబట్టి జారి ఆయన మీదే పడ్డాను. కోపంలో అదొక అవమానం.

ఈ చక్రాలు బిగించాక ఆయన ఆ కారు నడపడం అదే మొదటిసారి. గేటు దాటేటప్పుడే చొక్కా చంకల్లో తడిసింది. రోడ్డు మీద పక్క కార్లవాళ్ళు హారన్లు కొట్టారు. ఆయన పంటి బిగువున సముద్రం దాకా తెచ్చాడు. కార్నిష్‌కు ముందు ఒక దవ్వార్ ఉంది. రౌండబౌట్‌ను ఇక్కడ అలా అంటారు. మధ్యలో గుండ్రటి తోట, దాని చుట్టూ ఎడమకు తిరుగుతూ పోయి, కావలసిన రోడ్డు రాగానే కుడికి కొట్టి బయటపడాలి.

ఎడమకు తిరగడం వరకు కారు ఎంతో ఇష్టంగా తిరిగింది. మా రోడ్డు వచ్చింది. పోయింది. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది.

"బయటికి కొట్టన్నా" అన్నాడు ఖయ్యూమ్.

"కొడుతున్న. వస్తలేదు."

మళ్ళీ మా రోడ్డు వచ్చి మళ్ళీ పోయింది. తోటలో చాపలు పరుచుకున్న పిల్లలు మమ్మల్ని చూసి చేతులూపారు. తర్వాతి చుట్టుకు ఫోన్లు పైకి లేచాయి. రోడ్డు పక్క నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు మాతోపాటు తల తిప్పుతూ ఉన్నాడు. ఇష్రత్ నవ్వి నవ్వి ఎక్కిళ్ళలో పడింది. నాకు కోపం ఎక్కడ పోయిందో తెలియదు, కళ్ళు తిరుగుతున్నాయి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

ఖయ్యూమ్ మాత్రం గంభీరంగా ముందుకు వంగి అడిగాడు. "అన్నా, ఒక మాట. ఇప్పుడు నైరుతి చక్రం ఏ దిక్కున ఉండాది?"

మా ఆయన ఆ స్థితిలో కూడా లెక్క వేశాడు. అలాంటి మనిషి.

"బండి ఉత్తరం దిక్కు తిరిగింది గద, ఇప్పుడు ఆగ్నేయంల ఉన్నది. ఇప్పుడు పడమరకు తిరిగినం, అంటే పెద్ద చక్రం..."

పెద్ద చక్రం ఈశాన్యంలోకి వచ్చి కూర్చుంది. కారు తిరిగితే మూలలు కూడా తిరుగుతాయన్న ముక్క ఆ ఇంజనీరు బుర్రకు అప్పుడు తట్టింది. నల్ల కళ్ళద్దాలు తీశాడు. తోట అంచుకు రాసుకుంటూ కారు ఆపేశాడు.

పోలీసు వచ్చి కిటికీలోకి వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఖలాస్?"

"దిగుండ్రి" అన్నాను నేను.

ఆయన దిగాడు. నేను ఇటు వచ్చి కూర్చున్నాను. పోలీసుకు లైసెన్సు చూపించాను. దాన్ని ఒకరు అడిగి చూడటం అదే మొదటిసారి, అది కూడా నాకు సంతోషమే. కొంగు నడుముకు దోపుకుని, కుడి భుజం బిగించి, కారు కదిలించాను. మా రోడ్డు వచ్చింది. గుంజాను. బయటపడ్డాం.

కార్నిష్ మీద పాత కార్లు బారుగా పోతున్నాయి. ఎరుపువి, పచ్చవి, తళతళలాడే అంచులవి. వాటి మధ్య మాది ఒక మూల లేచి, ఒక మూల కుంగి, గీత గీసినట్టు తిన్నగా పోయింది. సముద్రం గాలి ముఖాన కొడుతుంటే ఇష్రత్ నైరుతిలోంచి రాజమాతలా చెయ్యి ఊపింది. ఆఫీసువాళ్ళు "లక్ష్మణ్, లక్ష్మణ్" అని అరిచారు. ఆయన చెయ్యెత్తి, వేలితో నన్ను చూపించాడు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. స్టీరింగ్ మాత్రం వదల్లేదు.

ఇంటికి వచ్చి ఇంజను ఆపాక మా ఆయన అలవాటుగా తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అంతలోనే ఆ చేత్తో తల గోక్కున్నాడు. నేను తాళంచెవిని పిన్నీసుల మధ్య, లైసెన్సు పక్కన వేసి జిప్పు లాగాను.

తర్వాతి వారం ఖయ్యూమ్ గేటు దగ్గర నిలబడి పిలిచాడు. "అక్కా, మలాజ్ నించి చక్రాలొచ్చినాయి. నాలుగూ ఒక్క సైజే. బండి ఇంక సూదిలో దారం పోయినట్టు పోతాది, పసిపిల్లోడైనా నడపొచ్చు. ఇప్పుడే బిగించేదా?"

వరండాలో పేపరు వెనక నుంచి మా ఆయన తల ఆశగా పైకి లేచింది.

"ఇప్పుడే వద్దు తమ్మీ," అన్నాను. "వచ్చే యేడు చూద్దాం."