మర్యాదకి అన్న మాట

అమ్మ కుడిచేతి వేళ్ళకి స్పర్శ పోయిందని ముందుగా చెప్పింది ఒక తెల్ల చొక్కా. కాజాలు కుడుతూ అమ్మ సూదిని వేలిలోకి దించేసుకుంది. కాలరు మీద ఎర్రటి మరక పడేదాకా ఆ సంగతే ఎరగదు. ఇల్లు గడిచేది ఆ కుట్టుపని మీద. ఆ వేళ్ళు మొరాయిస్తే ఇంట్లో పొయ్యి కూడా మొరాయిస్తుంది.

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఇంట్లో పెద్ద తాలీము నడిచింది. తాతయ్య వాలుకుర్చీలో డాక్టరులా బిగుసుకుని కూర్చుని ప్రశ్నలు వేశాడు. అమ్మ జవాబులు అప్పజెప్పింది. "గుసగుసా, మీ అమ్మ మర్చిపోతే నువ్వు అందించు" అన్నాడు మనవరాలితో. ఇంట్లో అందరికీ ఆ పిల్ల గుసగుసే. పరాయివాళ్ళ ముందు ఆమె మాట పెదవి దాటితే ఆ రోజు వాన పడుతుందని తాతయ్య వేళాకోళం.

బయల్దేరే రోజు అమ్మ పెళ్ళిళ్ళకి తీసే బట్టలు వేసుకుంది. పెద్దాయన దగ్గరికి నలిగిన గుడ్డలతో వెళ్తే ఏం బావుంటుందంది. జుట్టు మాత్రం కూతురే దువ్వింది. దువ్వెన అమ్మ చేతిలో నిలవలేదు.

ఆసుపత్రి హాల్లో పొద్దున కూర్చుంటే ఎండ నడినెత్తికెక్కాక పిలుపొచ్చింది. పక్క కుర్చీలోని ముసలాయన అప్పటికే హెచ్చరించాడు, తలుపు తీస్తూనే సగం చెప్పెయ్యండి, కూర్చున్నాక టైము మిగలదని.

డాక్టరు చూపు కంప్యూటరు మీద ఉంది. తల ఎత్తకుండానే, "ఎలా ఉన్నారు?" అన్నాడు.

ఆ మాట ఎవరడిగినా అమ్మ దగ్గర ఒకటే జవాబు. జ్వరంతో మూలుగుతున్నా అదే.

"బాగానే ఉన్నానండి. మీరు బాగున్నారా?"

"గుడ్" అని డాక్టరు ఏదో టైపు చేశాడు. అందించాల్సిన మాటలేవీ గుసగుస పెదవి దాటలేదు. రిపోర్టుల్లో ఏమీ లేదని, ఈ వయసులో కాస్త తిమ్మిరి మామూలేనని, బలానికి మాత్రలు రాస్తున్నానని ఆయన గబగబా చెప్పేశాడు. అమ్మ "సూది..." అనేలోపే బెల్లు నొక్కాడు. తర్వాతి మనిషి అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

"మంచి మనిషి. రాగానే ఎలా ఉన్నారని అడిగాడు" అంది అమ్మ వరండాలో. మందుల చీటీ సంచీలో పెట్టి గుండీ పెట్టబోయింది. గుండీ వేళ్ళకి దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి చొక్కాలకీ గుండీలు కుట్టిన చెయ్యి అది.

గుసగుస వెనక్కి తిరిగి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు విసుగ్గా చూశాడు. ఆమె ఏదో అంది. ఆయనకి వినబడలేదు. రెండోసారి అన్నది వరండాలో అమ్మకి కూడా వినబడింది.

"మా అమ్మ మర్యాదకి అలా అంది సార్. ఎవరడిగినా అదే అంటుంది. సూది దిగినా తనకి తెలియట్లేదు. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుని చూడండి."

"చూడమ్మా, రోగి ఏం చెప్తే అదే నేను రాసుకునేది. బాగున్నానంది, రాశాను. మళ్ళీ చూపించాలంటే బయట టైము తీసుకోండి." చూపు తిరిగి కంప్యూటరు మీదికి వెళ్ళిపోయింది.

బయట అమ్మ తల కొట్టేసినట్టు నిలబడింది. "పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?" అంది. ఆ గొంతులో కోపం మాత్రం లేదు.

కౌంటరులో అమ్మాయి కీబోర్డు మీంచి కళ్ళు తీయకుండా, "ఇప్పుడెలా ఉందండి?" అని అడిగింది. అక్కడ అందరినీ అడిగే మాటే అది. అమ్మ అలవాటుగా నోరు తెరిచింది. కూతురి మొహం చూసి ఆగింది.

"బాగాలేదమ్మా" అంది మెల్లిగా. "వేళ్ళు చచ్చుబడిపోతున్నాయి."

"వచ్చే నెలాఖరుకి ఉంది" అంటూ ఆ అమ్మాయి చీటీ అందించింది.

అమ్మ కుడిచెయ్యి చాపి అందుకుంది. రెండడుగులు వేసేలోపే చీటీ జారి నేల మీద పడింది. అమ్మ మాత్రం దాన్ని పట్టుకున్నట్టే వేళ్ళు మడిచి, గేటు దాకా జాగ్రత్తగా నడిచింది.