డెబ్బై పాయింట్ల గోల్‌కీపర్

వేలంపాట పెట్టాలన్న బుద్ధి ఎవడికి పుట్టిందో గానీ, వాడి దుంపతెగ! ఆక్లాండ్‌లో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్లం చలికాలం శనివారాల్లో సరదాగా ఫుట్‌బాల్ ఆడుకుంటున్నాం. దానికొక లీగు, లీగుకొక కమిటీ, కమిటీకొక వాట్సాప్ గ్రూపు, చివరికి ఏడాదికోసారి ఆటగాళ్ల వేలం! ఒక్కో జట్టుకు వెయ్యి పాయింట్లు ఇస్తారు. పెద్ద క్లబ్బులకు ఉండే శాలరీ క్యాప్ లాంటిదన్నమాట. అసలు డబ్బు ఒక్క సెంటు కూడా చేతులు మారదు. అయినా ఆ వెయ్యి దాటి ఎవరూ పాట పాడకూడదు. మిగుల్చుకుంటే మురిగిపోతాయి. కిందటేడు ఏ జట్టుకు ఆడినా సరే, ఈ ఏడు మళ్లీ కెప్టెన్లు తప్ప అందరూ వేలానికి రావాల్సిందే.

నా పేరు విఠల్. అనంతపురం వాణ్ని. యాభైకి దగ్గర పడ్డాను. మౌంట్ రాస్కిల్‌లో మూడు గదుల ఇంట్లో ఒక్కణ్నే ఉంటాను. నా భార్య ఆశాజ్యోతీ నేనూ విడిపోయాక ఆమె మా అమ్మాయి కావ్యశ్రీని తీసుకుని మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. అమ్మాయి ఆదివారం ఫోన్ చేసి "హాయ్ నాన్నా, ఆల్ గుడ్?" అంటుంది. ఆల్ గుడ్ అంటాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఫోన్ చెవికి ఆనించుకుని ఊరుకుంటాం.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. మీటింగుల్లో ఎవరూ కెమెరా పెట్టరు, నేనూ పెట్టను. వీధి చివర డెయిరీకి వెళ్లి పాలు కొన్నప్పుడు ఆ కొట్టతనితో "థాంక్స్" అంటే, ఒక్కోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. జాలి పడమని చెప్పడం లేదు. శనివారం ఫుట్‌బాల్ అంటే నాకేమిటో మీకు తెలియాలి కదా, అందుకు చెబుతున్నాను. వారంలో మనుషులు నన్ను ముట్టుకునే రోజు అదొక్కటే. భుజం మీద చెయ్యి వేస్తారు, కింద పడితే లేపుతారు, గెలిస్తే మీద పడిపోతారు.

మా జట్టు రాస్కిల్ బుల్లెట్స్. లీగు మొదలైన నాటి నుంచీ ప్రతి ఏడూ వేలంలో నన్ను వాళ్లే కొంటున్నారు. గోల్‌కీపర్‌ని. బురదలో దొర్లడానికి ఇంకెవరూ ముందుకు రారు కాబట్టి కీపర్‌నయ్యాను. కెప్టెన్ గౌతమ్ వరంగల్ కుర్రాడు. చదువుకోవడానికి వచ్చిన కొత్తల్లో మా ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుండేవాడు. ఇప్పుడు మంచి ఉద్యోగం, పెళ్లి, సొంత ఇల్లు. జట్టుకు ఎవరు కావాలో నన్నడక్కుండా నిర్ణయించడు. ఎవరి మోకాలు బాగాలేదో, ఎవరు రెండో సగంలో ఆయాసపడతారో గోల్ దగ్గర నిలబడి చూసేవాడికే కదా తెలిసేది.

ఈ ఏడు వేలం ఒక ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో జరిగింది. పాట నడిపేది శ్రీరామచంద్రమూర్తి గారు. రాజమండ్రి మనిషి, రిటైరై కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సుత్తి దొరక్క అప్పడాల కర్రతో బల్ల మీద కొడతారు. నేను ఎప్పటిలాగే బుల్లెట్స్ బల్ల దగ్గర గౌతమ్ పక్కన కూర్చుని సలహాలు చెబుతున్నాను. స్ట్రైకర్ రోహన్‌ను తెచ్చుకున్నాం. డిఫెన్స్ నింపుకున్నాం. అంతా బాగుంది.

"తర్వాతి ఆటగాడు మన విఠల్ గారండీ! గోల్‌కీపర్. పది పాయింట్ల నుంచి పాట మొదలు."

గౌతమ్ చెయ్యెత్తుతాడని చూశాను. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఫోన్లో ఏమీ లేదు, స్క్రీన్ నల్లగా ఉంది. హాల్లో ఎవరో దగ్గారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అప్పడాల కర్ర దెబ్బ పడింది.

"ప్రస్తుతానికి ఎవరూ పాడలేదండీ. మిగిలినవాళ్లతో కలిపి చివర్లో మళ్లీ పిలుద్దాం."

నా చెవులు వేడెక్కిపోయాయి. లేచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లి ఎక్కడికి పోతాను? ఇంటికే కదా. అలాగే కూర్చున్నాను.

టీ విరామంలో గౌతమ్ నన్ను వంటగది పక్కకు లాక్కెళ్లాడు. మా జట్టు వింగర్ ఇంద్రజ కూడా సమోసా ప్లేటుతో వచ్చింది.

"అన్నా, డెబ్బై పాయింట్లున్నయ్. ఒక్క ప్లేసే ఖాళీ. సాయి ప్రియను తీసుకుందామా, డిఫెన్స్‌ల ఇంకొకర్ని ఏసుకుందామా? డెబ్బై మొత్తం ఒక్కరి మీదనే పెట్టాల్నా? ఏం జేద్దామో నువ్వే చెప్పు" అన్నాడు గౌతమ్.

సాయి ప్రియ కూడా గోల్‌కీపరే. ఆ పిల్ల పేరు ఇంకా పాటకు రాలేదు. కొత్తగా వచ్చింది, సిటీలో చదువుకుంటోంది. ఊళ్లో కాలేజీలో ఉన్నప్పుడు హ్యాండ్‌బాల్ ఆడేదట. ప్రాక్టీసులో ఆ పిల్లను చూశాను. బంతి వస్తుంటే కళ్లు మూసుకోదు. నేను మూసుకుంటాను, ఇప్పటికీ.

"నా అభిప్రాయమేనా మీకు కావాల్సింది?" అన్నాను.

"నీదే అన్నా."

"అయితే విను. డిఫెన్స్ చాలు మనకు. డెబ్బై అయినా సరే, పాపను వదలొద్దు. ఆ హామిల్టన్ జట్టు, రోటోటూనా వాళ్లకు కీపర్ లేడు. వాళ్ల చేతికి పోతే మనకు దెబ్బే."

గౌతమ్ మొహం వెలిగింది. "నేనూ గదే అనుకున్న! చూసినవా ఇంద్రజా, అన్న ఏమీ అనుకోడని చెప్పిన కదా."

అప్పుడు కోపం పొడుచుకొచ్చింది నాకు. "ఏమీ అనుకోనని ఎవడ్రా చెప్పింది నీకు? అడిగినావు కాబట్టి ఉన్నమాట చెప్పినా. నేనేం కావాల మరి?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంద్రజ మెల్లగా అంది. "మీకు వేరే ప్లాన్ ఉందండీ. సర్‌ప్రైజ్ అనుకున్నాం. చివర్లో మీకు సన్మానం చేద్దామని శాలువా కూడా తెప్పించాం. ఈ ఏడాది నుంచి మీరు మా మెంటర్. లైను పక్కన హాయిగా కుర్చీలో కూర్చుని..."

"కుర్చీ ఎవరికి కావాలమ్మా? మా ఇంట్లో ఆరు కుర్చీలుండాయి. ఒక్కదాంట్లో నేను కూర్చుంటా, ఐదు ఖాళీ!"

గొంతు పెరిగిందని నాకు తెలుస్తూనే ఉంది. సమోసాల దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు చూస్తున్నారు. సిగ్గేసింది, కానీ నోరు ఆగలేదు.

"ఆడకపోతే శనివారం నేనేం చేయాలో చెప్పురా గౌతమ్. మీరు నన్ను పది పాయింట్లకు కొనండి, ఐదుకు కొనండి, ఓడిపోండి. నన్ను మాత్రం ఇంట్లో కూర్చోబెట్టొద్దండి. నాకు ఇదొక్కటే ఉంది."

గౌతమ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో ఉన్నప్పుడు కూడా అంతే, త్వరగా కరిగిపోయే మనిషి. నా చెయ్యి ఒకసారి పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మిగిలినవాళ్ల పాట మొదలైంది. మొదటి పేరు నాదే. "విఠల్ గారండీ, పది పాయింట్లు" అన్నారు శ్రీరామచంద్రమూర్తి గారు.

గౌతమ్ లేచి నిలబడ్డాడు. "డెబ్బై!"

నాకోసం ఇంకెవరూ చెయ్యెత్తలేదు. పోటీ లేని పాటకు పది చాలు. ఆ సంగతి మూర్తి గారే చెప్పారు కూడా. "బాబూ, పదికే వస్తారు కదయ్యా?"

"పదికి తీసుకుంటే అన్న మర్యాదేం గావాలె సార్? డెబ్బై రాయండి. మా పాయింట్లన్నీ అన్నకే."

ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. కొందరు లేచి నిలబడ్డారు. మూర్తి గారు కర్ర కొట్టి, వెంటనే నన్ను వేదిక మీదికి పిలిచి, ఎలాగూ తెచ్చారు కదా అని ఆ శాలువా కూడా కప్పించేశారు. ఫోటోలు తీశారు. నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధం ఎందుకు? నేను కావాలని ఇంతమంది ఎదుట ఒక మనిషి నిలబడి అరిచి చాలా కాలమైంది.

ఆ తర్వాత సాయి ప్రియ పేరు పిలిచారు. మా దగ్గర పాయింట్లూ లేవు, ఖాళీ కూడా లేదు. రోటోటూనా వాళ్లు ఇరవైకే ఎగరేసుకుపోయారు.

ఆ రాత్రి వాట్సాప్ గ్రూపు నిండా నా శాలువా ఫోటోలే. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. చాలాసార్లు చూసుకున్నాను.

మొదటి ఆట రోటోటూనా వాళ్లతోనే పడింది. పొద్దున్నే జల్లు. హామిల్టన్ నుంచి వాళ్లు డ్రైవ్ చేసుకుంటూ వచ్చేసరికి గ్రౌండంతా జారుడుబండ. నేను అందరికంటే ముందు వెళ్లి గ్లవ్స్ వేసుకుని నిలబడ్డాను. మావాళ్లు వస్తూ ఒక్కొక్కరే "నమస్తే అన్నా" అన్నారు. రోహన్ వంగి నా బ్యాగు తీసి పొడిగా ఉన్నచోట పెట్టాడు. ఇదేంట్రా కొత్తగా అనుకున్నాను.

ఆట మొదలైన కాసేపటికే మొదటి గోల్ పడింది. చాలా చేతగాని గోల్. బంతి మెల్లగా నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. వంగాను, అది నా రెండు కాళ్ల మధ్య నుంచి తీరిగ్గా లోపలికి పోయింది.

కిందటేడు ఇలాంటిది పడి ఉంటే గౌతమ్ అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. "ఏం జూస్తున్నవే? నిద్రపోతున్నవా? గాజులు తొడుక్కోపో!" అని నా ఏడు తరాలనూ తవ్వి తీసేవాడు. ఇంద్రజ నెత్తి కొట్టుకునేది. నేనూ ఊరుకునేవాణ్ని కాదు. మీరు అడ్డం రాకుండా ఏం పీకుతున్నారురా అని ఎదురు తిట్టేవాణ్ని. ఆ కోపంలో తర్వాతి బంతిని మొహం అడ్డం పెట్టైనా ఆపేవాణ్ని.

ఇప్పుడు గౌతమ్ చప్పట్లు కొట్టాడు. "పర్లేదన్నా, మంచిగ ట్రై చేసినవ్."

నేనేం ట్రై చేశాను? వంగాను, అంతే.

రెండో గోల్ పడింది. మళ్లీ చప్పట్లు. ఇంద్రజ పరిగెత్తుకొచ్చి నీళ్ల సీసా ఇచ్చింది. "నడుం నొప్పేమీ లేదు కదండీ?" అంది. అవతల గోల్ దగ్గర సాయి ప్రియ రోహన్ కొట్టినవన్నీ గాల్లోకి ఎగిరి పట్టేస్తోంది. పట్టిన ప్రతిసారీ ఆ జట్టువాళ్లు ఆమె మీద పడి జుట్టు చెరిపేస్తున్నారు. తప్పు పాస్ ఇస్తే ఆ పిల్ల వాళ్లను నానా మాటలూ అంటోంది, వాళ్లు నవ్వుతూ అవే మాటలు తిప్పి అంటున్నారు. వానలో ఆ అరుపులు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. మా సగంలో అంతా ప్రశాంతం. గుళ్లో పెద్దాయన ప్రదక్షిణలు చేస్తుంటే పక్కకు తప్పుకున్నట్టు అందరూ నాకు దూరంగా, గౌరవంగా తిరుగుతున్నారు.

మూడో గోల్ కావాలని వదిలేశాను. ఉన్నమాట చెబుతున్నాను, ఆపగలిగేదే. ఎవడైనా ఒక్కడు అరుస్తాడేమో చూద్దామని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

బంతి వలలో పడింది. మావాళ్లంతా ఒక్క క్షణం ఆగిపోయారు. రోహన్ నోరు తెరిచాడు. నా ప్రాణం లేచొచ్చింది. వాడు గౌతమ్ వైపు చూశాడు. గౌతమ్ తల అడ్డంగా ఊపాడు. రోహన్ నోరు మూసుకున్నాడు.

గౌతమ్ వానలో తడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. వల్లోంచి బంతి తీశాడు.

"గౌతమ్, చూసినావు కదా? కావాలనే వదిలినా" అన్నాను.

"ఏం గాదన్నా. అయితుంటది."

"ఏమైతుంటది? బుద్ధుందా నీకు? మూడు గోల్స్ పడినాయిరా! తిట్టు. ఒక్కసారి తిట్టరా నన్ను."

వాడు తల దించుకున్నాడు. నెత్తి మీంచి నీళ్లు ముక్కు మీదికి కారుతున్నాయి.

"అయ్యో, మిమ్మల్ని తిట్టుడేందన్నా" అన్నాడు.

బంతికి అంటిన బురదను తన చొక్కాతో తుడిచి, రెండు చేతులతో నా చేతుల్లో పెట్టి, వెనక్కి పరిగెత్తుకుంటూ వెళ్లిపోయాడు.