శ్రుతి ఇచ్చిన చెయ్యి

నలభై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్న నన్ను గుడివాడ కల్యాణ మండపంలో స్టేజీ మీద ఒక మూల కూర్చోబెట్టి, ఒకే ఒక్క మెట్టు నొక్కి ఉంచమంది ఇంద్రజ. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో నాటకాల చదువు చదువుకుని వచ్చింది. మా పాత పద్యనాటకాన్ని కొత్తగా వేయిస్తోంది. కిరీటాల్లేవు, రంగుల తెరల్లేవు. రాణికి గంజి పెట్టిన నూలు చీర, సింహాసనం బదులు ఆఫీసు బల్ల. ఇదేం చోద్యమని మొదటి రోజే లేచి వచ్చేసేవాణ్ణి. కానీ రాణి వేషం నా భార్య మంగతాయారుది.

నాటకంలో రాణి, హత్య చేసిన కొడుక్కి తానే మరణశిక్ష వేస్తుంది. తర్వాత వాడి శవం ముందు నిలబడి ముఖారి రాగంలో పద్యం ఎత్తుకుంటుంది. ఆ పద్యం కోసమే జనం వచ్చేవారు. చల్లపల్లిలో ఒకసారి ఏడు వన్స్ మోర్లు కొట్టారు. ఏడుసార్లూ పాడింది. శవం వేషం కట్టినవాడు పాపం చీమలు కుడుతున్నా కదలకుండా పడుకున్నాడు.

ఇంద్రజ ఆ పద్యాన్నే తీసేసింది. రాణి శవం వంక చూస్తూ మూడు నిమిషాలు నోరు విప్పకుండా నిలబడాలి. అప్పుడు నా మెట్టు కూడా ఆగిపోవాలి. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. మంగతాయారు మాత్రం ఇంటికొచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

అంతకు రెండు నెలల ముందు బందరులో డాక్టరు ఆమె గొంతులోకి కెమెరా పెట్టి చూశాడు. లోపల వాచి పుండు పడిందన్నాడు. "మాటలే తగ్గించాలమ్మా. పద్యం గిద్యం అన్నారంటే ఉన్న మాట కూడా పోద్ది," అన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో పలక మీద రాసే నాతో మాట్లాడుతోంది. గొంతు పోయిన రాణిని ఎవరు పిలుస్తారని ఆమె భయం. మూడో మనిషికి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇంద్రజకీ తెలియదు. మైకు దగ్గర మెల్లగా చెబితే సరిపోయే నాలుగు మాటలు, ఆపైన మౌనం. ఈ వేషం దేవుడే పంపాడనుకుంది.

సాయంత్రం ఆరున్నరకి మొదలైంది. హాలు నిండిపోయింది. ఏసీ అని తలుపులన్నీ మూసేశారు. శవం మీద తెల్లదుప్పటి కప్పారు. మంగతాయారు వచ్చి నిలబడింది. నేను మెట్టు వదిలేశాను.

అర నిమిషం గడిచిందో లేదో, వెనకనుంచి ఎవరో "మైకు! మైకు!" అని అరిచారు. మైకు పాడైందనుకున్నారు మహానుభావులు. మైకువాడు కంగారుగా వచ్చి వైర్లు కదిపి వెళ్ళాడు.

ముందు వరసలోంచి రైసుమిల్లు సీతారామయ్య గారు లేచారు. మా నాటకం ఎక్కడ వేసినా ఆయన కుర్చీ అక్కడుంటుంది.

"మైకు కాదయ్యా, పద్యం ఎగ్గొట్టారు! అమ్మా మంగతాయారూ, ఆ పద్యం వినకుండా ఇంటికెళ్తే నాకు అన్నం దిగదమ్మా. బుచ్చిరాజు గారూ, శ్రుతి ఇవ్వండి!"

"టిక్కెట్టు కొని మౌనవ్రతం చూడ్డానికొచ్చామా?" అన్నాడింకొకాయన. చప్పట్లు మొదలయ్యాయి. వద్దు వద్దని ఇంద్రజ పక్కనుంచి చేతులు ఊపుతోంది. ఆ స్టేజీకి వెనక తలుపు లేదు. దిగాలంటే జనం మధ్యలోంచే దిగాలి.

మంగతాయారు నా వైపు తిరిగింది. నేను తల అడ్డంగా ఊపాను. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆమె చూపుడువేలు కొంచెం ఎత్తింది. శ్రుతి ఇమ్మని మా ఇద్దరి సైగ అది.

హార్మోనియం మూసేస్తే సరిపోయేది. శ్రుతి లేకుండా ఆమె ఏనాడూ పాడలేదు. నాలుగు తిట్లు పడేవి, మహా అయితే ఓ చెప్పు వచ్చి మీద పడేది. కానీ సీతారామయ్య గారు నా పేరు పెట్టి పిలిచారు, అంతమంది నా వంకే చూస్తున్నారు. నా చెయ్యి దానంతటదే తిత్తి మీదకి వెళ్ళింది.

పద్యంలో మొదటి రెండు పాదాలు మంగతాయారు కింది స్థాయిలో లాక్కొచ్చింది. మూడో పాదంలో పై షడ్జమం దగ్గర గొంతు చీలింది, కొత్త గుడ్డ చింపినట్టు. నాలుగో పాదంలో గాలి తప్ప ఏమీ రాలేదు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏం నటించిందండీ!" సీతారామయ్య గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "కన్నతల్లి గొంతు అట్టాగే పూడుకుపోద్ది. వన్స్ మోర్!"

అది నటన కాదయ్యా, నా పెళ్ళాం గొంతు అని అరవాలనిపించింది. ఒట్టు అడ్డం వచ్చింది. నిజం చెప్పాలంటే పిరికితనం కూడా. ఆమె మళ్ళీ వేలెత్తింది. మళ్ళీ ఇచ్చాను. మూడోసారి పెదవులు కదిలాయంతే. అప్పుడు హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇంద్రజ పరుగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "రిహార్సల్స్‌లో ఇది దాచేశారు కదండీ! నాదే తప్పు. ఇక అన్ని షోలకీ పద్యం ఉంచేద్దాం."

సీతారామయ్య గారు శాలువా కప్పారు. "వచ్చే నెల చల్లపల్లిలో నేనే పెట్టిస్తున్నానమ్మా. ఇదే గొంతు రావాలి సుమా! బాగుచేసుకుని రాకు."

మంగతాయారు నవ్వుతూ చేతులు జోడించింది. ఇద్దరూ అది సరేననడం అనుకున్నారు.

బందరు బస్సెక్కాక సంచీలోంచి పలక తీసి రాసింది. "శ్రుతి ఎందుకిచ్చారు?"

"నువ్వే కదా వేలెత్తావు," అన్నాను.

కొంగుతో తుడిచి మళ్ళీ రాసింది. "జనాన్ని నేను కాదనలేనని మీకు తెలుసు. మీరైనా కాదంటారనుకున్నాను."

పలక నా ఒళ్ళో పెట్టి, నా జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నా గొంతుకేం, బాగానే ఉంది. అయినా పెడన దాటేదాకా ఒక్క మాట పెగల్లేదు.