నూట ఇరవై ఎనిమిది అక్షరాల చోటు

తుఫాను హెచ్చరిక రాగానే దాన్ని తెలుగులో చూపించి మోగే పెట్టె అది. చేపల వేటకు పోయే పడవల్లో పెడతారు. దాని ప్రోగ్రాం సుభాషిణి రాసింది. వాకాడు మండలంలో వేటకు పోయే ఇంటి పిల్ల, నెల్లూరులో ఉద్యోగం. మొదటి పెట్టెను పెదనాన్న ముత్యాలయ్య పడవలోనే పెట్టించింది.

ఆ రోజే ఆయన ఒక మాట చెప్పాడు. హెచ్చరికలో తమ ఊరి పేరు లేకపోతే అది తమకు కాదనుకుని ఇంకో వల వేస్తారు ఇక్కడి వాళ్లు. అందుకని ఆమె హెచ్చరికలో ఆ తీరంలోని పదకొండు ఊళ్ల పేర్లూ చేర్పించింది. పెట్టె పరీక్షలు అంతకుముందే అయిపోయాయి, చిన్న సందేశాలతో.

గురువారం పొద్దున అసలు హెచ్చరిక వెళ్లింది. సాయంత్రానికి, పక్కనే వేటాడుతున్న పెంచలయ్య పడవ ఒడ్డుకొచ్చింది, ముత్యాలయ్యది రాలేదు. గాలి మళ్లింది, పోదాం రమ్మని పెంచలయ్య కేకేస్తే ఆయన నవ్వాడట.

"మా పాప పెట్టె మోగలా గదా. ఇంకో వల లాగి వస్తా."

మూడో రోజు శవం దొరికింది.

సుభాషిణి పెంచలయ్య పడవలోని అలాంటి పెట్టెనే తెచ్చి, అదే హెచ్చరిక పంపి చూసింది. అదీ ఆగిపోయింది. తప్పు ఒక్క లైనులో ఉంది. తెలుగు సందేశాన్ని ఉంచే వైడ్ క్యారెక్టర్ స్ట్రింగ్‌ను కాపీ చేసే ముందు, పడుతుందా లేదా అని చూసే లైను. ఉంచిన చోటు నూట ఇరవై ఎనిమిది అక్షరాలకు. చోటెంతని ఆమె, కొలత చెప్పే sizeof ను అడిగింది. అది అక్షరాలు చెప్పదు, బైట్లు చెబుతుంది. అక్షరానికి నాలుగు చొప్పున ఐదు వందల పన్నెండు. ఊళ్ల పేర్లతో కలిపి సందేశం రెండు వందల మూడు అక్షరాలు. ఐదు వందల పన్నెండు కంటే తక్కువే, పడుతుందని తేలింది కాబట్టి కాపీ చేసే wcscpy మొత్తం రాసేసింది. చోటు దాటి పక్క మెమరీని చెరిపింది. పెట్టె మోగకముందే ఆగిపోయింది.

మేనేజర్ శివశంకర్‌కు చెప్పింది. పెట్టె మూత సరిగా బిగించక ఉప్పునీళ్లు దిగాయని నివేదికలో రాద్దామన్నాడు అతను.

ఆ మాట ఆమెకంటే ముందు ఊరు చేరింది. పెద్దమ్మ నాగులమ్మ గోడకానుకుని ఉంది.

"ఆ పొద్దు మూత బిగించింది నేనే పాపా. ఇంకో చుట్టు తిప్పుంటే మనిషి ఉండేవాడు."

"నీళ్లు కాదు పెద్దమ్మా. తప్పు నాది, నేను రాసిన ప్రోగ్రాంలో ఉంది. నువ్వెట్లా బిగించినా అది మోగేది కాదు."

నాగులమ్మ గోడ వదిలి నిటారుగా కూర్చుంది.

"ఇట్లాంటివి ఇంకా ఎన్ని పడవల్లో ఉండాయి?"

"నలభై."

"మరి ఈడ కూర్చున్నావేంది? పోయి వాళ్లకు చెప్పు."