ఫోటోలో పడిన చెయ్యి

బస్సులు బాగుచేసే షెడ్డులో ఒకాయన ఏడాదిగా ఫోటోలు తీస్తున్నాడు, పుస్తకం వేద్దామని. ఇంజన్లు విప్పేవాళ్లు, టైర్లు దొర్లించేవాళ్లు, సీట్లు కుట్టే ఆమె, అందరి ఫోటోలూ వచ్చేశాయి. రానిది పెద్దమేస్త్రిదే. కెమెరా కనబడితే చాలు, ఆయన ఒళ్లు బిగుసుకుపోయి కొయ్యబొమ్మ అయిపోతాడు. వచ్చే శనివారంతో ఆయన ఉద్యోగం ఆఖరు. ఆ ఫోటో లేకపోతే పుస్తకానికి ప్రాణమే లేదని ఫోటోలాయన దిగులు.

ఫోటోలాయనకి ఒక పట్టుదల ఉంది. తీసేవాడు అక్కడున్నాడని ఫోటోలో తెలియకూడదు. తన నీడ పడినా సరే, ఇక ఆ ఫోటో ముఖం చూడడు. మేస్త్రి ఫోటో ఎలా ఉండాలో కూడా ముందే అనుకున్నాడు. పనయ్యాక కడుక్కున్న చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీవైపు చూస్తూ, ముఖాన సగం వెలుగుతో ఉండాలి.

శనివారం పొద్దున్నే సాయానికి అక్కని వెంటబెట్టుకొచ్చాడు. కెమెరా పాతది, దూరం కంటితో తేలదు. అందుకని దాని కింద పురికొస కట్టి, అడుగుకో ముడి వేసుకున్నాడు. ఆ కొస తీసుకెళ్లి మనిషి ముక్కుకి ఆనించి, ముడులు లెక్కపెట్టి, వెనక్కొచ్చి దూరం సరిచేసుకుని అప్పుడు తీస్తాడు.

"కాస్త వదులుగా కూర్చోండి మేస్త్రీ."

"వదులుగానే ఉన్నాను బాబూ. ఇంకా వదిలితే జారి కిందపడతాను."

"పన్ను పీకించుకోడానికి వచ్చినట్టున్నారు బాబాయ్," అంది అక్క.

పదకొండు తీశాడు. పదకొండూ కొయ్యబొమ్మలే. రీలులో ఇంకొక్కటే మిగిలింది. ఈలోపు మేస్త్రి కుర్చీ కదిలింది. మళ్లీ కొలవాలి. కెమెరాకి తగిలించిన, ఫోటో పడటానికి నొక్కే తీగని కిందకి వేలాడకుండా అక్క చేతికిచ్చి, "ఊరికే పట్టుకో, నొక్కకు," అని చెప్పి, పురికొస పట్టుకుని మేస్త్రి దగ్గరికెళ్లాడు.

కొస వెళ్లి ముక్కు కింద మీసంలో దూరింది. మేస్త్రికి చక్కిలిగింత పుట్టింది. ఆపుకుందామని బుగ్గలు బిగించాడు, ముక్కు ఎగబీల్చాడు, ఇక ఆగలేక పొట్ట పట్టుకుని నవ్వేశాడు. ఆయన్ని చూసి అక్కకీ నవ్వొచ్చింది. నవ్వులో పిడికిలి బిగిసింది. టక్కుమంది కెమెరా.

"అయిపోయింది," అన్నాడు ఫోటోలాయన, నిలబడ్డచోటే.

"కావాలని నొక్కానా ఏంట్రా?" అంది అక్క గొంతు తగ్గించి. ఫోటోలాయన పురికొస చుట్టుకుని సామాను సర్దేశాడు.

ఇంట్లో ఫోటోలు కడిగి చూసుకుంటే, బాగున్నది ఆ చివరిదే. మేస్త్రి కళ్లు మూతలుపడి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. కాస్త మసకగా వచ్చినా ఆయన ఆయనలాగే ఉన్నాడు. కాకపోతే పక్కనుంచి ఫోటోలాయన చెయ్యి, వేళ్ల మధ్య పురికొస, అడ్డంగా దూరి ఉన్నాయి. చేతిమీద కాగితం ముక్క కప్పి చూశాడు. ఇలా కోసేస్తే సరిపోతుందనుకున్నాడు.

నాలుగు రోజులకి మేస్త్రి తన ఫోటో కోసం ఇంటికొచ్చాడు. కాగితం కప్పిన ఫోటోని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"నేనెందుకు నవ్వుతున్నట్టు?"

"చక్కిలిగింతకి కదా."

"అది మనకి తెలుసు. చూసేవాళ్లకి? ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకుంటున్నాను. మావాళ్లు చూస్తే డాక్టరు దగ్గరికి లాక్కెళతారు." కాగితం ముక్క ఎత్తాడు. "ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉంది."

"అసలది నేను తీసింది కాదు మేస్త్రీ. అనుకుని చేసిందీ కాదు. అక్క నవ్వుకి పడింది."

"ఫోటో కింద నా పేరు వేస్తాడేమో అడగండి బాబాయ్," అంది అక్క లోపలినుంచి.

మేస్త్రి నిదానంగా అన్నాడు. "ఏడాదిపాటు రోజూ పొద్దున్నే షెడ్డుకొచ్చి నిలబడ్డావు. అది అనుకుని చేసిందేగా? ఇంకెవడైనా నా ముక్కుకి తాడు పెడితే చెయ్యి విరిచేవాణ్ణి. నువ్వు కాబట్టి నవ్వాను."

ఫోటోలాయన కాగితం ముక్క తీసుకుని ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు.

"చెయ్యి ఉన్నదే ఇంకో మూడు తీసిపెట్టు. అన్నదమ్ములకి ఇవ్వాలి," అన్నాడు మేస్త్రి లేస్తూ. "ఆ చెయ్యి ఎవరిదని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"ఫోటోలు తీసేవాడిదని చెప్పండి," అన్నాడు ఫోటోలాయన.